నరం అంటే ఏ నరం?

ఎడమ కాలి చెప్పు జారిపోయిన సంగతి అరికాలు చుర్రుమన్నాక గాని నాకు తెలియలేదు. 2023 మే నెల. మంచిర్యాల బస్సు దిగి కరీంనగర్ బస్టాండులో నడుస్తున్నాను. వెనుదిరిగి చూస్తే చెప్పు నాలుగడుగుల అవతల పడి ఉంది. అరికాలికి నేల వేడి తెలిసింది. పట్టీ వదిలిపోవడం మాత్రం పాదం పైభాగానికి తెలియలేదు.

అంతకు పదిరోజుల ముందే ఆ కాలికి బిగుతు మేజోడు తొడగడం మొదలుపెట్టాను. ఇరవై రెండేళ్ళు నల్లబల్ల ముందు నిలబడ్డందుకు పిక్క మీద నీలి నరాలు మెలికలు తిరిగాయి. సిరిసిల్ల మరమగ్గాల దగ్గర పన్నెండేసి గంటలు నిలబడే మా చుట్టాల కాళ్ళతో పోలిస్తే నావి నయమే. పాదాల నుంచి పైకి ఎక్కే రక్తం వెనక్కి జారకుండా పట్టే కవాటాలు వదులైతే రక్తం అక్కడే నిలిచిపోతుంది. మేజోడు చీలమండ దగ్గర గట్టిగా, పైకి పోయేకొద్దీ వదులుగా నొక్కి దాన్ని పైకి నెడుతుంది. శాస్త్రం సరైనదే. దుకాణంలో కొలత మాత్రం టేపుతో కాక కంటిచూపుతో తీశారు.

ఇక మన ఎండల సంగతి చెప్పాలా? మధ్యాహ్నానికల్లా పై అంచును నాలుగు వేళ్ళ మేర కిందికి చుట్టేసేవాణ్ణి. కాస్త గాలాడేది. వీధిలో ఇద్దరు "బోదకాలా సార్?" అని జాలిగా అడిగారు కూడా. వారిని తప్పు పట్టను. ఫైలేరియా పీడించిన జిల్లాల్లో కరీంనగర్ ఒకటి. ఇంటింటికీ డీఈసీ మాత్రలు పంచిన రోజులు ఇక్కడ అందరికీ గుర్తే.

మూడోనాటికి తిమ్మిరి మొదలైంది. పిక్క వెలుపలి వైపు నుంచి పాదం మీదుగా చీమలు పాకినట్టు ఉండేది. చదువరులు మన్నించాలి, ఇక్కడ కాస్త భాష సంగతి చెప్పాలి. రక్తం మోసే సిరనూ, స్పర్శ మోసే నాడినీ మనం ఒక్క 'నరం' అనే మాటతోనే సరిపెట్టుకుంటాం. "నరం గుంజుతోంది" అని ఇంట్లో అన్నాను. ఉబ్బిన నరమే కాబోలని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. అందుకే తిమ్మిరి పెరిగినకొద్దీ మేజోడును మరింత బిగించి లాగాను. తెలుగు మాస్టారునై ఉండి చేసిన పని ఇది!

కరీంనగర్‌లో డాక్టరుగారు ఉబ్బిన సిరల వంక చూడనేలేదు. మోకాలి కింద, వెలుపలి వైపు పొడుచుకువచ్చిన ఎముక దగ్గర వేలితో తట్టారు. కాలివేళ్ళ దాకా షాకు కొట్టినట్టు జివ్వుమంది. మడమల మీద నడవమన్నారు. కుడి పాదం ముందుభాగం లేచింది. ఎడమది లేవలేదు. ఆ క్షణాన నిజంగా భయపడ్డాను.

పాదాన్ని పైకెత్తే నాడి ఆ ఎముక మెడను చుట్టుకుని వెళుతుందట. అక్కడ దానికి కండ అండ లేదు, పైన చర్మమే. నేను చుట్టిన అంచు రెట్టింపు బిగువుతో సరిగ్గా అక్కడే తాడులా కూర్చుంది. "మేజోడు మానండి. బాసింపట్టు వేసుకుని కూర్చోవద్దు, అప్పుడూ ఆ నాడే నలుగుతుంది" అన్నారు. పాదం మళ్ళీ మామూలుగా లేవడానికి ఆరు వారాలు పట్టింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఈ మాటలే చెబుతున్నాను. అమ్మ ఒళ్ళో చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తోంది. తల ఎత్తకుండానే అంది:

"బాసింపట్టు ఎయ్యకుంటే బీడీలెట్ల చేసుడు బిడ్డా? నీకు పదిదినాలకే గింత అయితే, నా కాళ్ళు ఎన్నేండ్ల సంది మొద్దుబారుతున్నయో."

నిజమే, చాలాసార్లు చెప్పింది. "తిమ్మిరే కదమ్మా, కాలు విదిలించు" అని జవాబిచ్చింది నేనే.

మరుసటి వారం ఆమెను వెంట తీసుకువెళ్ళాను. చక్కెర వ్యాధి ఉందని ఆ రోజే తెలిసింది. డాక్టరుగారు కళ్ళు మూసుకోమని చెప్పి, సన్నటి నైలాను పోగుతో ఆమె బొటనవేలిని తాకారు. తగిలినప్పుడు చెప్పమన్నారు. మూడుసార్లు తాకారు.

"ఇంకా పెట్టలేదా సారూ?" అని అడిగింది అమ్మ.