అట్ట వెనక పేర్లు

అలమరలోని సీడీలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేశాను. ఫ్లాక్ ఫైలుగా మారిస్తే నాణ్యత రవ్వంత కూడా తగ్గదు, చోటు మాత్రం దాదాపు సగమే పడుతుంది. ఇప్పుడు వంటింట్లో ఉన్నా వరండాలో ఉన్నా ఫోను తాకితే చాలు, బాలమురళీకృష్ణ గొంతెత్తుతారు. ఈ సుఖం నాకెంతో ఇష్టం.

కానీ కచేరీ సీడీ అట్ట వెనక రాగం, తాళం, వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు అని వరసగా ఉండేది. అదే పాట స్ట్రీమింగ్‌లో వింటే చాలాసార్లు గాయకుడి పేరుతోనే సరి. సినిమా పాటైతే రాసినవారి కోసం వెతుక్కోవాలి. వేటూరి పేరు లేకుండా శంకరాభరణం పాటలు వినడమేమిటి? పైగా అక్కడి పాట మనది కాదు. హక్కుల ఒప్పందం ముగిస్తే మాయం కావచ్చు.

సీడీలు అమ్మేయకండి. అట్టల మీది పేర్లను ఫైళ్లలో రాసుకోండి.