ఎడమకు ఒరిగిన బండి

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ దాకా ఉన్న రోడ్డు మా కుటుంబానికి ముప్పయ్యేళ్ళుగా పరిచయం. ఒకప్పుడు సాయంకాలం వేళ సిటీ బస్సులో చోటు లేక ఎంతోమంది ఫుట్‌బోర్డు మీద వేలాడేవారు. తలుపులు ఎడమవైపే గనుక బస్సు ఎడమకు ఒరిగి, మూలుగుతూ సాగేది. కొత్తపేట పండ్ల మార్కెట్టు దగ్గర బత్తాయి లారీలు బారులు తీరేవి. 2018 సెప్టెంబరులో ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు వచ్చింది. 2021లో పండ్ల మార్కెట్టు బాటసింగారం తరలిపోయింది. ఒరిగిన బస్సులను చూసి నవ్వుకున్న మేము, మా బండి కూడా ఒకనాడు అలాగే ఒరుగుతుందని అనుకోలేదు.

మా నాన్నగారికి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మంచం మీద నుండి ఆయన అడిగింది ఒక్కటే, నాగార్జునసాగర్‌ను మళ్ళీ ఒకసారి చూడాలని. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన ఆ రాతి ఆనకట్ట కడుతున్న రోజుల్లో, కుర్రవాడిగా ఉన్న నాన్నగారు అక్కడి కూలీలకు కావడితో నీళ్ళు మోసేవారు. సుమారు నూట యాభై కిలోమీటర్ల దూరం. కూర్చుని రాలేరు. అందుచేత లోపల పడక, వంట సామాను పెట్టుకునే వీలున్న వ్యాను ఒకటి మాట్లాడాము.

మేము ముగ్గురు అన్నదమ్ములము. తెల్లవారుజామున హడావిడిగా సామాను ఎక్కించాము. నాన్నగారి బాగున్న కుడిచెయ్యి మాకు అందాలని పడకను ఎడమ గోడకు వేయించాము. తలుపు ఎడమవైపే ఉంది గనుక ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బాలు మూడు, నిండు గ్యాస్ సిలిండరు, బియ్యం మూట కూడా చేతికందిన ఆ పక్కనే సర్దాము. కుడివైపు దిండ్లు, దుప్పట్లు మాత్రమే.

చైతన్యపురి దాటాక డ్రైవరు గుంత తప్పించడానికి కుడికి తిప్పాడు. బండి ఎడమకు వాలి, తేరుకోవడానికి కొంతసేపు పట్టింది. అమ్మ నాన్నగారిని గట్టిగా పట్టుకుంది. ఎల్.బి.నగర్ కూడలి దాటి సాగర్ రోడ్డులోకి మళ్ళగానే అతడు బండి ఆపి వెనుక నుండి చూశాడు. కుడి చక్రానికి పైన అయిదు వేళ్ళ సందు ఉంటే, ఎడమ చక్రానికి పైన మూడు వేళ్ళే ఉంది.

"సార్, బరువంతా ఒక్క దిక్కే పెట్టిండ్రు. రోడ్డు గూడ అంచుకు పల్లముంటది. స్పీడుల కుడికి తిప్పితే బండి పట్టు తప్పుతది," అన్నాడు.

"ఎడమ టైర్లలో గాలి ఎక్కువ కొట్టిద్దామా?" అని మా చిన్నతమ్ముడు అడిగాడు.

"వద్దు సార్. బ్రేకు కొడితే బండి పక్కకు గుంజుతది, టైర్లు గూడ అరుగుతయి. బరువే సర్దాలె."

దారిలో లారీలు తూచే కాంటా ఉంది. మొత్తం బండి మూడువేల రెండువందల కిలోలు తూగింది. తరువాత ఎడమ చక్రాలను మాత్రమే పళ్ళెం మీదికి ఎక్కించి తూచితే 1,720 వచ్చింది. అంటే కుడివైపు 1,480. తేడా 240 కిలోలు! అంత బరువు మనం తేలేదే అని పెద్దతమ్ముడు వాదించాడు. నాన్నగారిని కుడివైపుకు మార్చుదామని ఒకరు, సామాను దింపేద్దామని ఒకరు, అసలు వెనక్కి పోదామని ఒకరు. మాటా మాటా పెరిగింది.

అప్పుడు పడక మీద నుండి నాన్నగారు తడబడే నాలుకతో అన్నారు: "కావడి బిడ్డా. ఈ కుండల చెంబెడు తీసి ఆ కుండల పొయ్యి. తేడా రెండు చెంబులు తగ్గుతది."

మేము మౌనముగా సామాను మార్చాము. నీళ్ళ డబ్బాలు, సిలిండరు, బియ్యం కలిపి నూటపదిహేను కిలోల దాకా ఉంటాయి. వాటిని కుడి గోడ పక్కన నేల మీదనే, దొర్లకుండా తాళ్ళతో బిగించాము. బరువు ఎంత కిందికి ఉంటే బండికి అంత నిలకడ. మళ్ళీ తూచాము. ఎడమ 1,610, కుడి 1,590. ఇబ్రహీంపట్నం దాటాక మలుపుల్లో కూడా నాన్నగారు హాయిగా నిద్రపోయారు.

మధ్యాహ్నానికి సాగర్ చేరాము. వీల్‌చైరులో కూర్చుని ఆయన ఆనకట్టను చాలాసేపు చూశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీగారు కాలువలకు నీళ్ళు వదిలిన సంగతి చెప్పారు. తరువాత అమ్మ వైపు చూసి, "మీయమ్మ భుజం చూసిండ్రా?" అన్నారు.

మేము తలలు దించుకున్నాము. రెండేళ్ళుగా రాత్రిళ్ళు ఆయనను పక్కకు తిప్పేది, స్నానం చేయించేది అమ్మ ఒక్కతే. మేము డబ్బు పంపి, ఆదివారాలు వచ్చి చూసిపోయి, మా వంతు తీరిందనుకున్నాము. బండి ఒరిగితే డ్రైవరు చెప్పాడు. ఇల్లు ఒరిగితే చెప్పేదెవరు? అమ్మ ఏనాడూ చెప్పలేదు.

ఆ రాత్రే వంతులు వేసుకున్నాము. వారానికి రెండేసి రాత్రులు మా ముగ్గురివి, ఒక్క రాత్రి అమ్మది. ఆ ఒక్కటీ ఆమె వదలనంది. బరువు తగ్గలేదు గాని సమానంగా పంచుకున్నాము. ప్రియమైన పాఠకులారా, మీ ఇంటి బండిని కూడా ఒకసారి వెనుక నుండి చూడండి.