నాన్న చేతిలో పట్టు పోలేదు

మా ఊరు జూలూరుపాడుకి దగ్గర్లో. ఖమ్మంలో భద్రాచలం బస్సెక్కితే తల్లాడ, ఏన్కూరు దాటాక అడవి గాలి తగలడం మొదలవుతుంది చూడండి, అక్కడ. నాన్న వడ్రంగి. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. నాన్న చేసిన టేకు గుమ్మాల డబ్బులతోనే నా బీటెక్ పూర్తయింది.

మొన్న దసరాకి నాన్నకో గిఫ్ట్ పట్టుకెళ్లా. ఆయన చిత్రికకి కొత్త బ్లేడు. చిత్రిక అంటే తెలుసుగా, చెక్కని నునుపు చేసే పనిముట్టు. హైదరాబాద్‌లో రంద అంటారు. నాన్న చిత్రిక తుమ్మ దిమ్మతో తాత చేసుకున్నది. అందులో బ్లేడు సానపట్టీ పట్టీ పొట్టిదైపోయింది. ఆన్‌లైన్‌లో అదే వెడల్పుది తళతళలాడుతూ కనిపిస్తే ఆర్డర్ పెట్టేశా. ఆయుధపూజ రోజు నాన్న దానికి పసుపు కుంకుమ పెట్టి, పక్కింటాయన్ని కూడా పిలిచి చూపించాడు.

సంక్రాంతికి వెళ్తే చిత్రిక అటకెక్కి ఉంది.

"చేతిలో పట్టు పోయిందిరా. నాలుగుసార్లు తోసేసరికి బ్లేడు వెనక్కి జారిపోతోంది. సుత్తితో కొట్టి బిగిస్తా, మళ్లీ అంతే. చెక్క మీద పేళ్లు లేస్తున్నాయి. ఇంక చాల్లే" అన్నాడు. ఒప్పుకున్న గుమ్మం పని కూడా వేరేవాళ్లకి ఇచ్చేశాడని అమ్మ చెప్పింది.

నేనేమన్నానో తెలుసా? "వయసైంది కదా నాన్నా, రెస్ట్ తీసుకో." ప్రేమగానే అన్నా. ఆయనేం మాట్లాడలేదు.

రాత్రి నిద్ర పట్టలేదు. ఆఫీసులో ఏదైనా పనిచేయడం ఆగిపోతే మేం ముందు అడిగే ప్రశ్న ఒకటే: చివరిసారి ఏం మార్చాం? ఇక్కడ మారింది బ్లేడు. మార్చింది నేను.

పొద్దున్నే బీటెక్ నాటి వెర్నియర్ క్యాలిపర్స్ వెతికి తీశా. పాత బ్లేడు పదును దగ్గర 3.8 మిల్లీమీటర్లు, పై కొసన 2.5. కొత్తది ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకటే మందం, 3 మిల్లీమీటర్లు.

పాతది కింద లావుగా, పైన పలచగా ఉండటం లోపం కాదు, కావాలనే అలా చేస్తారు. చెక్క చిత్రికలో స్క్రూలు ఉండవు. బ్లేడు మీద ఒక చెక్క ముక్క దిగ్గొట్టి బిగిస్తారు, అంతే. తోసినప్పుడు చెక్క ఎదురుతన్ని బ్లేడుని పైకి నెడుతుంది. పైకి జరిగే కొద్దీ దాని లావు భాగం బిగింపు ముక్క కిందకొచ్చి ఇంకా బిగుసుకుంటుంది. అంటే ఎంత నెడితే అంత పట్టు. పైగా పదును దగ్గర మందం ఉంటే బ్లేడు అదరదు.

ఒకటే మందం ఉన్న బ్లేడుకి ఆ సాయం లేదు. తాత చేసిన బిగింపు ముక్క పాత బ్లేడు వాలుకి సరిపోయేలా చెక్కింది. కొత్తదాని మీద అది పైభాగంలోనే పట్టింది, కింద పదును దగ్గర వదులుగా ఉంది. పైన చూస్తే గట్టిగానే బిగిసినట్టుంటుంది!

అలాగని కొత్త బ్లేడు చెడ్డదేం కాదు. అమెరికాలో లెనార్డ్ బెయిలీ రూపొందించిన ఇనుప చిత్రికల్లో బ్లేడుని మీటతో నొక్కి పడతారు. ఆ వ్యాపారాన్ని 1869లో స్టాన్లీ కంపెనీ కొన్నాక అవి ప్రపంచమంతా పాకాయి. వాటికి ఒకటే మందం చాలు. దానికో లాభం కూడా ఉంది. వాలు బ్లేడు సానపట్టే కొద్దీ పలచటి భాగం కిందికొస్తుంది, చిత్రిక నోరు వెడల్పవుతుంది, పేళ్లు లేస్తాయి. మా చిత్రిక నోటి దగ్గర నాన్న అతికించిన చిన్న చెక్క ముక్క అందుకే. ఒకటే మందమైతే ఆ గొడవ లేదు.

ఇదంతా నాన్నకి చెప్పా. పాత బ్లేడు చేతిలోకి తీసుకుని కాసేపు చూశాడు.

"పాతది కింద లావుంటదని నాకు తెలుసురా. కొత్తదాన్ని అలా చూసుకోలేదు. నువ్వు తెచ్చావు కదా, మంచిదే అయ్యుంటదనుకున్నా."

బ్లేడుని అనుమానించకుండా తన చేతినే అనుమానించుకున్నాడు. కొడుకు తెచ్చాడని. నేనేమో కొలవకుండానే వయసైందన్నా.

ఆ మధ్యాహ్నం నాన్న తుమ్మ చెక్కతో కొత్త బిగింపు ముక్క చేశాడు, పాతదానికన్నా కాస్త తక్కువ వాలుతో. లోపల మసి రాసి, ఎక్కడ అంటుతోందో చూసుకుంటూ చెక్కాడు. మూడోసారికి పైనా కిందా సమానంగా పట్టింది. నోరు కాస్త వెడల్పుగా అనిపిస్తే అక్కడి ముక్క కూడా మార్చాడు. టేకు చెక్క మీద తోస్తే పొట్టు పొడుగ్గా చుట్టలు చుట్టుకుంటూ వచ్చింది. పది తోపులు, ఇరవై తోపులు. బ్లేడు జారలేదు. అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది.

ఇచ్చేసిన గుమ్మం పని తిరిగి రాలేదు. కానీ నాన్న ఇంకోటి ఒప్పుకున్నాడు.

ఇంట్లో పెద్దవాళ్లు "ఇంక నావల్ల కాదు" అంటే వెంటనే రెస్ట్ తీసుకోమనకండి. ఈమధ్య వాళ్ల చేతికి మనం కొత్తగా ఏమిచ్చామో ఒక్కసారి చూడండి.