మృగశిరకు ముందే

ఎండాకాలంలో అరిగిన టైరు నమ్మకంగానే కనిపిస్తుంది. పొడి తారురోడ్డు మీద గుండు టైరు కూడా నేలను గట్టిగానే పట్టుకుంటుంది, బ్రేకు తొక్కితే బండి ఆగుతుంది. "ఇంకో ఆర్నెల్లు నడుస్తయి తీ" అనే మాట మా షాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో ఎక్కువగా వినిపించేది అందుకే. అసలు సంగతి తొలకరికి బయటపడుతుంది. టైరు మీది బటన్ల మధ్య గాడులు ఉన్నది రోడ్డు మీది నీటిని పక్కకు తోసెయ్యడానికి. ఆ గాడుల లోతు పోయిన టైరు, వేగం మీద ఉంటే, నీటిని తోయలేక దాని మీదే తేలుతుంది. ఒక్కో టైరు నేలను తాకేది అరచేయంత మేరే. ఆ అరచేయంత జాగాలోకి నీళ్లు చేరితే స్టీరింగు తిప్పినా, బ్రేకు తొక్కినా బండి మన మాట వినదు.

మా తోవలు కూడా అలాంటివే. షాబాద్ నుంచి చేవెళ్ల చేరి బీజాపూర్ రోడ్డెక్కితే మొయినాబాద్ మీదుగా హైదరాబాద్ దాకా చాలాచోట్ల రెండు పక్కలా ఊడలమర్రులు. ఆ చెట్లంటే నాకు ప్రాణం. కానీ తొలివానకు రాలిన ఆకు, నెలల తరబడి పేరుకున్న దుమ్ము, బండ్ల నూనె కలిసి రోడ్డును జారుడుబల్ల చేస్తాయి. చందనవెల్లి, సీతారాంపూర్ వైపు ఫ్యాక్టరీలు వచ్చాక భారీ లారీల రాకపోకలు పెరిగాయి. 2025 నవంబరు 3న ఆ బీజాపూర్ రోడ్డు మీదే మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు, బస్సు ఢీకొని ఎందరి ఇళ్లలోనో దీపాలారిపోయాయి. దానికి టైర్లు కారణమని నేననడం లేదు. కానీ ఆ రోజు నుంచి రోడ్డు అంచున కూరగాయల గంపలు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్లను చూసినప్పుడల్లా నా బండి ఎంత దూరంలో ఆగుతుందన్నది నా ఒక్కడి లెక్క కాదనిపిస్తుంది.

టైర్ల గురించి నాకు తెలిసినదాంట్లో ముఖ్యమైనది మా పంక్చర్ షాపు పెద్దాయన నేర్పిందే. తమ్ముడు సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్ ఒకటి చూసుకుని, బేరం కుదిరే ముందు ఆయనకు చూపించాడు. టైర్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి, బటన్ బాగా ఉంది. ఆయన దాన్ని చూడనే లేదు. మోకాళ్ల మీద వంగి టైరు పక్కగోడను తడిగుడ్డతో తుడిచి, "బిడ్డా, బటన్ సూసి మోసపోకు. ఇది ఎప్పుడు పుట్టిందో సదువు" అన్నాడు. డాట్ అన్న అక్షరాలతో మొదలయ్యే వరుస చివర, కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలు: 2317. అంటే 2017లో ఇరవై మూడో వారం. పైపూత పోగానే పక్కగోడ మీద వెంట్రుకవాసి పగుళ్లు కనిపించాయి. తిరగకుండా ఎండలో నిలబడి ఉన్నా రబ్బరు ముదురుతుందని, గట్టిపడిన రబ్బరు లోతున్నా పట్టు ఇవ్వదని ఆయన చెప్పాడు. తమ్ముడు నాలుగు టైర్ల ఖర్చు మేర బండి ధర తగ్గించమని అడిగాడు, అమ్మేవాళ్లు ఒప్పుకున్నారు.

తర్వాత నేను చదివి తెలుసుకున్నవీ ఆయన మాటకు దగ్గరగానే ఉన్నాయి. ఐదేళ్లు దాటిన టైరును ఏటా నిపుణుడికి చూపించాలి. బటన్ ఎంత మిగిలినా పదేళ్లకు మించి వాడొద్దని పెద్ద కంపెనీలే చెబుతున్నాయి. అరుగుదలకైతే చట్టమే హద్దు పెట్టింది. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 94వది కార్లకు కనీసం 1.6 మిల్లీమీటర్ల లోతు ఉండాలంటుంది. కొత్త టైరుకు దాదాపు 8 ఉంటుంది. గాడి అడుగున అక్కడక్కడ చిన్న దిమ్మెలుంటాయి, బటన్ వాటితో సమానమైందంటే హద్దుకు వచ్చినట్టే. నన్నడిగితే ఆ హద్దు దాకా ఆగకూడదు. 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మృగశిర కార్తెకు ముందే మార్చెయ్యాలి. రైతు విత్తనం చూసుకునేది వాన పడ్డాక కాదు కదా.

అరిగిన తీరు కూడా చూడాలి. నడుమ మాత్రమే అరిగితే గాలి ఎక్కువ పెట్టిస్తున్నారు. రెండంచులూ అరిగితే తక్కువైంది. ఒకే అంచు తినేస్తే అలైన్‌మెంట్ పోయింది, అది సరిచేయించకుండా కొత్త టైరు వేస్తే ఆ డబ్బూ అదే అంచున అరిగిపోతుంది. పక్కగోడ ఉబ్బితే మాత్రం ఇక లెక్కల్లేవు, లోపలి దారాలు తెగినట్టే, ఆ రోజే తీసెయ్యాలి.

ఇక ఖర్చు. ఆల్టో లాంటి చిన్న కారుకు ఒక్కో టైరు సుమారు 3,000 నుంచి 4,000 రూపాయలు. స్విఫ్ట్‌కు వేసే 165/80 ఆర్14 సైజు కంపెనీని బట్టి 4,500 నుంచి 6,000. పదహారంగుళాల చక్రాల బండికి 7,000 నుంచి 11,000 దాకా పోతుంది. అలైన్‌మెంటు, బ్యాలెన్సింగు కలిపి వెయ్యి అటూ ఇటూ. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. పన్ను కాక 4,000 ఉండే టైరు మీద 400 మిగిలినట్టు. నాలుగింటికీ 22,000 పెట్టి 40,000 కిలోమీటర్లు తిరిగితే కిలోమీటరుకు 55 పైసలు. అదే కిలోమీటరుకు పెట్రోలు ఆరు రూపాయల దాకా తాగుతుంది. పెట్రోలు రోజూ కొద్దికొద్దిగా పోతుంది కాబట్టి నొప్పి తెలియదు, టైర్ల డబ్బు ఒక్కసారే అడుగుతుంది కాబట్టి వాయిదా వేస్తాం. నెలకు 500 పక్కన పెడితే నాలుగేళ్లలో 24,000 అవుతుంది. మా ఇంట్లో ఇప్పుడు చేస్తున్నది అదే.

రెండు టైర్లే కొనగలిగితే కొత్తవి ముందు వేయించుకోవడం మావైపు అలవాటు. కానీ వెయ్యాల్సింది వెనక. ముందు చక్రాలు జారితే వేగం తగ్గించి కొంత సర్దుకోవచ్చు, తడిరోడ్డు మీద వెనక చక్రాలు జారితే బండి గిర్రున తిరుగుతుంది. ఈ మాట చెబితే షాపుల్లో కొందరు వింతగా చూస్తారు. అయినా అడిగి వేయించుకోవాలి. బిగించే ముందే నాలుగంకెలు చదవాలి, పాత సరుకైతే వద్దనాలి. తక్కువకు వస్తుందని పాత టైరు కొనడం నాకు బొత్తిగా నచ్చదు, అది ఎన్ని గుంతల్లో పడి లేచిందో దాని మీద రాసి ఉండదు.

చిలుకూరు బాలాజీ గుడికి కొత్త కార్లు తెచ్చి పూజ చేయించుకునేవాళ్లను చూస్తుంటాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేటప్పుడు ఇంటిల్లిపాదీ వంగి టైర్ల వైపు చూస్తారు. ఆ చూపు నెలకోసారి, పెట్రోలు బంకులో గాలి కొట్టించేటప్పుడైనా ఉండాలని వాళ్లతో చెప్పాలనిపిస్తుంది. డిక్కీలోని స్టెప్నీకీ గాలి పెట్టించాలి. దానికీ ఆ నాలుగంకెలు ఉంటాయి.