లయ తప్పింది గొంతా... యంత్రమా?

సినిమా పాట వింటూ "ఆహా, ఎంత బాగా పాడింది!" అనుకుంటాం. పాడుతున్నప్పుడు ఆ గాయని చెవిలో ఏం వినిపించిందో మాత్రం ఎవరూ అడగరు. అదే అసలు సంగతి!

ఆ మధ్య హైదరాబాద్‌లో ఓ చిన్న రికార్డింగ్ గదిలో కూర్చున్నాను. ట్రాక్ పాడడానికి వచ్చిన అమ్మాయి ఇంకా డిగ్రీ చదువుతోంది. పదకొండు టేకులయ్యాయి. ప్రతిసారీ పల్లవి దగ్గర వెనకబడుతోంది. "నీకు లయ లేదమ్మా" అన్నారు అద్దం వెనకనుంచి. పాపం, కళ్ళల్లో నీళ్ళు! అంతలో అసిస్టెంట్ కుర్రాడు "సార్, బఫర్ 1,024లో ఉంది" అన్నాడు మెల్లిగా. 128కి దించాడు. గొంతు మీద వేసిన పెద్ద ఎఫెక్టు తీసేశాడు. పన్నెండో టేకు ఓకే! ఆ అమ్మాయికి సారీ మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఏమిటీ బఫర్? కంప్యూటర్ గొంతుని సెకనుకి 48,000 ముక్కలుగా కొలుస్తుంది. ఒక్కొక్క ముక్కా అందుకోలేక, కొన్నింటిని మూటగట్టి తీసుకుంటుంది. ఆ మూటే బఫర్. 1,024 ముక్కల మూట నిండడానికి 21 మిల్లీ సెకన్లు. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి... మొత్తం 43. ఈ ఆలస్యాన్నే లేటెన్సీ అంటారు.

"ఇంతేనా!" అంటారేమో. శబ్దం గాలిలో మిల్లీ సెకనుకి 34 సెంటీమీటర్లు నడుస్తుంది. ఆ లెక్కన, తన గొంతు తనకే 14 మీటర్ల అవతలనుంచి వినిపించినట్టు! అదే ఆలస్యం 200 మిల్లీ సెకన్ల దాకా పోతే, మామూలుగా మాట్లాడేవాళ్ళకే నాలుక తడబడుతుంది.

మరి విరుగుడు లేదా? ఉంది. ఒక ఎఫెక్టు వల్ల గొంతు 2,048 ముక్కలు ఆలస్యమైతే, సాఫ్ట్‌వేర్ తబలానీ, వయొలిన్లనీ కూడా అంతసేపు ఆపి, అన్నిటినీ ఒకేసారి వదులుతుంది. ఇదే డిలే కాంపెన్సేషన్. కిటుకు పాతదే! 35 ఎం.ఎం. రీళ్ళ కాలంలో, ప్రొజెక్టర్‌లో బొమ్మ పడే చోటు వేరు, శబ్దాన్ని చదివే చోటు వేరు. అందుకని ఏ బొమ్మ తాలూకు శబ్దాన్నయినా రీలు మీద సుమారు 20 ఫ్రేములు ముందుకు ముద్రించేవారు.

ఇక్కడే ఉంది తిరకాసు. మిక్సింగులో ఆదుకునే ఈ ఏర్పాటు, పాడేటప్పుడు చేతులెత్తేస్తుంది. ఉన్న ట్రాకుల్ని ఆపగలదు గాని, ఇంకా పాడని స్వరాన్ని ఏ యంత్రమూ ముందుగా తెచ్చిపెట్టలేదు కదా!

అందుకే, ఇంట్లో మైకు పెట్టుకుని పాడే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! పాడేటప్పుడు బఫర్ చిన్నదిగా పెట్టుకోండి. మిక్సింగప్పుడు పెంచుకోండి. ఆడియో ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటరింగ్ ఉంటే వాడండి. గొంతు కంప్యూటర్ చుట్టూ తిరక్కుండా సూటిగా చెవికి చేరుతుంది. రికార్డింగప్పుడు బ్లూటూత్ హెడ్‌ఫోన్ల జోలికి పోకండి. వాటి ఆలస్యం 100 మిల్లీ సెకన్లు దాటడం మామూలే.

రేపు మీరూ ఏదో ఒక స్టూడియోలో మైకు ముందు నిలబడవచ్చు. టేకులు వరసగా పోతుంటే, మీ గొంతుని మీరు తిట్టుకోకండి. "బఫర్ ఎంతలో ఉంది సార్?" అని అడగండి. కొత్తవాళ్ళమని మొహమాటపడితే, ఎక్కడో యంత్రంలో ఉన్న లోపం మీ పేరు మీద పడుతుంది. అవకాశం మరొకరికి పోతుంది!