‘తిన్నాడా?’ అని అడిగేవాళ్ళకు భయపడి

బొబ్బిలిలో చిన్నపిల్లల క్రెష్ నడిపిన రోజుల్లో నాకో పేరుండేది. ఎంత మొండి పిల్లాడైనా ఆవిడ చేతిలో పడితే పళ్ళెం ఖాళీ చెయ్యాల్సిందే అని. ఆ పేరు ఊరు పెట్టింది కాదు, నేనే పెట్టించుకున్నాను. పిల్లల్ని చేర్పించడానికి వచ్చిన తల్లులకు గదులూ, బొమ్మలూ, ఉయ్యాలా తర్వాత చూపించేదాన్ని. ముందు మాత్రం ఈ మాట చెప్పేదాన్ని: "మీవాడు ఇంట్లో తినడం లేదా? ఓ నెల్లాళ్ళు ఇక్కడ వదిలి చూడండి." డాక్టర్లు కూడా అంత ధీమాగా మాట్లాడరు.

వచ్చేవాళ్ళంతా ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్ళు. స్కూలు టీచర్లు, బ్యాంకు వాళ్ళు, గ్రోత్ సెంటర్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు, పొద్దున్నే రైలెక్కి విజయనగరమో పార్వతీపురమో వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్ళు. పిల్లలు రెండేళ్ళ నుంచి అయిదేళ్ళ లోపు వాళ్ళు. వంట మా దగ్గరే. మెత్తగా వండిన అన్నం, పప్పుచారు, కారం తక్కువేసిన కూర, ఉడికించిన గుడ్డు, చివర్లో పెరుగన్నం. వారానికోసారి బెల్లం వేసి చోడి జావ. వంటకి వంక పెట్టడానికి లేదు, ఇప్పటికీ ఆ మాట గట్టిగానే అంటాను. తప్పంతా వడ్డించిన తర్వాత జరిగింది.

అందరికీ ఒకే సైజు స్టీలు పళ్ళేలు, ఒకే గరిటె, ఒకే కొలత. ఆ కొలత వెనక నా పాండిత్యం కాస్త ఉంది. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం కింద అంగన్‌వాడీలు నడుస్తాయి కదా, 2009లో వాటి లెక్కలు సవరించారు. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు రోజుకు 500 కిలో కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు అందేలా తిండి పెట్టాలన్నారు. ఆ అంకె ఎక్కడో చూసి పట్టుకున్నాను. పథకం వాళ్ళు పొద్దుటి చిరుతిండితో సహా ఇంత పెట్టాలని రాసుకున్న లెక్కను, ప్రతి పిల్లా ఒక్క పూటలో ఇంత తినితీరాలన్నట్టు చదువుకున్నాను. రెండేళ్ళవాడికీ అంతే, నాలుగున్నరేళ్ళ పిల్లకీ అంతే.

దానికి తోడు ఒక నోటు పుస్తకం. పేర్లకి ఎదురుగా మూడు గడులు: పూర్తిగా, సగం, తినలేదు. ‘పూర్తిగా’ పడితే గోడ మీద ఎర్ర నక్షత్రం. నెల తిరిగేసరికి మా గోడ దీపావళిలా ఉండేది.

ఆ నక్షత్రాలు ఎలా వచ్చేవో చెప్పాలి కదా. మొదట కథలు. తర్వాత అమ్మ ముద్ద, నాన్న ముద్ద, తాత ముద్ద, చుట్టాలందరి ముద్దలూ. అవి అయిపోతే పక్కవాడితో పోటీ. అదీ కుదరకపోతే పోలీసు వస్తాడు. ఇంతవరకూ మీరూ చేసే ఉంటారు, దాచుకోకండి. నేను ఇంకో మెట్టు దిగాను. "తినకపోతే సాయంత్రం అమ్మ రాదు" అనేదాన్ని. రెండేళ్ళ పిల్లకి రోజంతా ఉండే భయం అదొక్కటే. దాన్ని పట్టుకుని ముద్ద మింగించేదాన్ని. ఆ మాట ఎంత బాగా పనిచేసేదో తలుచుకుంటే ఇప్పటికీ తల దించుకోబుద్ధేస్తుంది.

ఎందుకంత పట్టుదల అంటే, సాయంత్రం అయిదున్నర. తల్లులు గేటు దగ్గరికి వచ్చేవాళ్ళు. పిల్లాడు ఏం ఆడాడు, ఏం పాడాడు, ఎవరితో పోట్లాడాడు అని అడిగినవాళ్ళు తక్కువ. చెప్పులు విడవకుండానే అడిగేది ఒక్కటే: "తిన్నాడా?" తిన్నాడంటే వాళ్ళ ముఖం విప్పారేది. సగమే తిన్నాడంటే ముఖం చిన్నబోయేది. పొద్దున్నే బిడ్డని వదిలి వెళ్ళిన బాధంతా ఆ ఒక్క మాటలో దిగిపోవాలని చూసేవాళ్ళు. నాకేమో ఫీజు, పేరు. మధ్యాహ్నం పన్నెండుంబావుకి నేను పిల్లాడికి పెడుతున్న ముద్ద నిజానికి సాయంత్రం తల్లికి చెప్పబోయే జవాబు. ఇది అప్పుడు తెలియలేదు. పిల్లల ఆరోగ్యం కోసమే కష్టపడుతున్నానని మనస్ఫూర్తిగా నమ్మాను.

ఇంకో తెలివితక్కువ పని కూడా ఉంది. పదకొండుకి అందరికీ గ్లాసుడు పాలు, చక్కెర వేసి, పక్కన బిస్కెట్లు. బిస్కెట్లంటే ఎవరూ మొండికెయ్యరు. నక్షత్రాలు వెయ్యక్కర్లేదు, పోలీసుని పిలవక్కర్లేదు. అది తిని గంటంబావు తిరక్కముందే అన్నం దగ్గర కూర్చోబెట్టి, ఆకలెందుకు లేదని వాళ్ళనే నిలదీసేదాన్ని. ఆ వయసు పిల్లల పొట్ట ఎంతుంటుంది! పాలూ బిస్కెట్లతోనే నిండిపోయేది.

మా దగ్గర ఒక బాబు ఉండేవాడు, రెండున్నరేళ్ళు. చేరిన మొదటి వారం బాగా ఏడిపించాడు. తర్వాత దారికొచ్చాడని నా లెక్క. పుస్తకంలో వరసగా ‘పూర్తిగా’. వాళ్ళమ్మ వచ్చిన ప్రతివాళ్ళకీ నా గురించి చెప్పేది.

ఒకరోజు భోజనాలయ్యాక పిల్లల్ని చాపల మీద పడుకోబెట్టాం. గంట గడిచుంటుంది. వాడి చొంగ తుడుద్దామని తువ్వాలు పట్టుకుని వంగాను. ఎడమ బుగ్గ గట్టిగా తగిలింది. పంటి వాపేమో అనుకున్నాను. వేలు పెట్టి చూస్తే అన్నం. మధ్యాహ్నం నేను పెట్టిన పప్పన్నం, నానీ నానీ రంగు పోయి, నిమ్మకాయంత ఉండయి బుగ్గలో ఉంది. వాడు దాన్ని నోట్లో పెట్టుకునే నిద్రపోయాడు. ఆ ముద్ద నిద్రలో గొంతుకి అడ్డం పడుంటే అన్న ఆలోచన రాగానే కాళ్ళలో సత్తువ పోయింది.

ఇంతలో వాడికి మెలకువ వచ్చింది. ఏడవలేదు. నన్ను చూశాడు. చూసిన వెంటనే గబగబా నమలడం మొదలుపెట్టాడు.

ఇన్నేళ్ళయినా నాకు బుగ్గలో అన్నం కన్నా ఎక్కువగా గుర్తుండేది ఆ నమలడమే. నిద్రమత్తు వదలని కళ్ళు నా మీదే పెట్టుకుని, ఆకలీ లేక, రుచీ లేక, కేవలం నేను కనిపించానని నములుతున్నాడు. నోరు తెరవరా నాన్నా అని ఉండ తీసేశాను. తీసేస్తుంటే ఇంకా భయంగానే చూశాడు, అమ్మ రాదంటానేమోనని.

మా ఆయమ్మ పక్కనే ఉంది. ఆమెది పక్క పల్లె, అయిదుగురు పిల్లల్ని పెంచిన మనిషి. నెమ్మదిగా అంది: "ఆడు రోజూ అంతే టీచరమ్మా. పడుకున్నాక నానే తీసీసి తుడిసేత్తన్నాను."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"సెప్పేనమ్మా. నువ్వు పుస్తకం రాసుకుంటన్నావు."

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆమె నిజంగానే చెప్పి ఉంటుంది. నేను నిజంగానే ఏదో ఒక గడిలో టిక్కు పెడుతూ ఉండి ఉంటాను.

మర్నాడు మా వీధి అంగన్‌వాడీకి వెళ్ళాను. అక్కడ ప్రతి నెలా పిల్లల్ని తూచి, ఎదుగుదల పటంలో చుక్క పెట్టి, చుక్కల్ని కలుపుతూ గీత గీస్తారు. గీత పైకి పోతోందా, అడ్డంగా ఆగిందా, కిందికి దిగిందా అన్నదే వాళ్ళు చూసేది. ఎన్ని ముద్దలు తిన్నాడో లెక్క రాసే గడి అందులో లేదు. నా దగ్గర నక్షత్రాలు ఉన్నాయి, పుస్తకం ఉంది, తూకం మిషను మాత్రం లేదు. అక్కడి టీచర్ని బతిమాలి మా పిల్లల్నీ తూయించాను. రెండు నెలలు తూచేసరికి నా గోడంతా అబద్ధమని తేలింది. నక్షత్రాల బాబు గీత అడ్డంగా ఆగిపోయింది. ఎప్పుడూ ‘సగం’ గడిలో ఉండే ఒక పాప, నేను వాళ్ళమ్మకి రోజూ ఫిర్యాదు చేసిన పాప, శుభ్రంగా పెరుగుతోంది.

ఆ తర్వాత గానీ చదవడం మొదలుపెట్టలేదు. పుట్టినప్పటి బరువు ఏడాది నిండేసరికి మూడు రెట్లవుతుంది. రెండేళ్ళు దాటాక ఏడాదికి సుమారు రెండు కిలోలే పెరుగుతారు. ఎదుగుదల జోరు తగ్గితే ఆకలీ తగ్గుతుంది. ‘ఏడాదిలోపు బాగా తినేవాడండీ, ఇప్పుడేమైందో’ అని ప్రతి తల్లీ చెప్పే కథ వెనక ఉన్నది ఇదే. అమెరికాలో లీయన్ బర్చ్ అనే ఆవిడ, ఆవిడ తోటివాళ్ళు కలిసి రెండు నుంచి అయిదేళ్ళ పిల్లలు 15 మంది ఏ పూట ఎంత తింటున్నారో కొలిచి 1991లో ప్రచురించారు. పూట పూటకీ పోలికే లేదు. ఒక పూట ఎగబడి తిన్న పిల్ల తర్వాతి పూట కెలికి వదిలేసింది. రోజు మొత్తం కూడితే మాత్రం తేడా సగటున పది శాతం దగ్గరే. మధ్యాహ్నం వదిలేసింది పిల్లలు రాత్రికి సర్దుకుంటున్నారన్నమాట. ఆవిడ బృందమే 2006లో ఇంకో సంగతి రాసింది. పెట్టింది పూర్తి చెయ్యమని మాటిమాటికీ ఒత్తిడి చేసిన రోజుల్లో పిల్లలు, ఏమీ అనకుండా వదిలేసిన రోజులకన్నా తక్కువ తిన్నారు, పైగా ఆ తిండిని తిట్టుకున్నారు.

ఇదంతా గొప్ప ఆవిష్కరణలా ఆయమ్మకి చెప్పాను. ఆమె గిన్నెలు తోముతూ వింది. "దూడ తాగినకాడికి తాగి ఒగ్గేత్తాది. ఎవులు సెప్పేరు దానికి?" అని మళ్ళీ గిన్నెల్లో పడింది.

మార్పులు చెయ్యడానికి పెద్ద ఖర్చేమీ కాలేదు. పాలు పదింటికి జరిపాం. బిస్కెట్లు తీసేసి అరటిపండు ముక్కో, ఉడికించిన చిలగడదుంపో పెట్టాం. అన్నం పన్నెండున్నరకి, మధ్యలో మంచినీళ్ళు తప్ప ఇంకేమీ లేవు. మొదట వేసేది రెండు చిన్న ముద్దలే, కావాలంటే మళ్ళీ. ఆ ‘మళ్ళీ’ అనే మాట పిల్లల నోటి నుంచి వినడం నాకు అదే మొదటిసారి, అంతకుముందు ఆ అవకాశమే ఇవ్వలేదు. నేనూ ఆయమ్మా పళ్ళేలు పెట్టుకుని వాళ్ళతోపాటే కింద కూర్చుని తినేవాళ్ళం. అరగంటయ్యాక ఎవరి పళ్ళెంలో ఏమున్నా, ఒక్క మాట అనకుండా తీసేయడం. పుస్తకం అటక మీదికి పోయింది, నక్షత్రాలు గోడ నుంచి ఊడొచ్చాయి. పడుకోబెట్టే ముందు అందరి నోళ్ళూ చూడటం మాత్రం అలవాటయిపోయింది. ఆ బాబు బుగ్గలో దాచుకోవడం మానడానికి చాలా రోజులే పట్టింది. భయం పెట్టినంత సులువుగా పోదు.

తల్లుల్ని ఒప్పించడం ఇంకా కష్టమైంది. "ఈరోజు పెద్దగా తినలేదమ్మా, రాత్రికి తింటాడు" అని నిజం చెప్పడం మొదలుపెట్టాను. ఒకావిడ పిల్లని మాన్పించేసింది. "డబ్బులు తీసుకుని అన్నం పెట్టరట" అని నాలుగు వీధుల్లో చెప్పింది కూడా. ఆవిడ్ని ఏమీ అనలేను. తినిపించడమే నా గొప్పని ఆవిడకి నేర్పింది నేనే.

ఒక సంగతి విడిగా చెప్పాలి. వదిలెయ్యండి అన్నాను కదా అని పిల్లల్ని గాలికి వదిలెయ్యమని కాదు. బరువు గీత కిందికి దిగుతున్నా, ఆర్నెల్ల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల దండచెయ్యి చుట్టుకొలత 12.5 సెంటీమీటర్ల లోపు ఉన్నా ఆరోగ్య కార్యకర్తకి చూపించాలి. 11.5 లోపుంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అది తిండి దగ్గర మారాం చేసే సమస్య కాదు, జబ్బు. ఉన్నట్టుండి తిండి పూర్తిగా మానేసిన పిల్లకి నోట్లో పుండో, జ్వరమో, కడుపులో నొప్పో ఉందేమో చూడాలి. ఆరోగ్యంగా ఆడుకుంటున్న పిల్ల ఒక పూట పళ్ళెం పక్కకి తోసేస్తే మాత్రం అది ఆ పిల్ల ఇష్టం. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది పెద్దవాళ్ళ పని. ఆ పని సరిగ్గా చెయ్యకుండా, ఎంత తినాలన్న పిల్లల పనిలో వేలు పెట్టాను నేను.

క్రెష్ మూసేసి చాలా కాలమైంది. మనవడు విశాఖపట్నంలో డేకేర్‌కి వెళ్తున్నాడు. ఇన్ని పాఠాలు నేర్చుకున్న నేను సాయంత్రం ఫోన్ చేసి కోడల్ని మొదట అడిగేదేమిటో మీరు ఊహించగలరు. పాపం, ఆ అమ్మాయి "తిన్నాడత్తయ్యా" అంటుంది. నిజమో కాదో నాకు తెలియదు. నిజం చెప్పే వీలు నేనిచ్చానా అన్నది కూడా తెలియదు. అందుకని ఈమధ్య ప్రశ్న మార్చే ప్రయత్నం చేస్తున్నాను. ఏం పెట్టారు, ఎన్నింటికి పెట్టారు, పక్కన ఎవరు కూర్చున్నారు అని అడుగుతున్నాను. మీరూ అలా అడిగి చూడండి. ‘తిన్నాడా’ అనకుండా ఉండలేకపోతే అనండి, నేనూ అంటూనే ఉన్నాను. కాకపోతే అవతలివాళ్ళు ‘ఈరోజు తినలేదండీ’ అంటే ముఖం మాడ్చుకోకండి. మర్నాడు మధ్యాహ్నం మీ పిల్లాడి నోట్లో ముద్ద కుక్కించేది ఆ మాడిన ముఖమే.