పుట్టింటికి దిగే గంగ

గోముఖ్ దగ్గర వేసవి ముగిసిన సంగతి నీటి రంగులోనే తెలిసిపోతుంది. జులై, ఆగస్టుల్లో భాగీరథి బూడిద కలిపిన పాలలా ఉంటుంది. హిమానీనదం తన కింది రాతిని అరగదీసిన మెత్తని పొడి ఆ నీళ్లలో కొట్టుకొస్తుంది. ఎండెక్కి మంచు కరిగేకొద్దీ ప్రవాహం పెరిగి సాయంత్రానికి హోరెత్తుతుంది, తెల్లవారేసరికి తగ్గుతుంది. అక్టోబరు చివరికి ఈ ఆటుపోట్లు సద్దుమణుగుతాయి, నీరు తేటపడుతుంది. పొద్దున్నే ఒడ్డురాళ్ల అంచున పలుచటి మంచు పెచ్చులు కట్టి ఉంటాయి. వేలు తగిలితే చిట్లిపోతాయి.

మన లెక్కలో వేసవి మృగశిర కార్తెతో సరి. ఇక్కడ మాత్రం అక్షయ తృతీయకు గంగోత్రి గుడి తెరిచాక వచ్చి, దీపావళి మర్నాడు, అన్నకూటం రోజున తలుపులు మూసేదాకా ఉంటుంది. మనకు కార్తీకం మొదలయ్యే పాడ్యమి కూడా అదే. గోదావరి రేవుల్లో దీపాలు వదలడం మొదలయ్యే వేళకు ఇక్కడ గంగ గుడికి తాళం పడుతుంది. ఇది నాకు మింగుడు పడదు. ఆకాశం అంత నిర్మలంగా ఉన్నప్పుడు ఇంకొక్క వారం ఆగకూడదా అనిపిస్తుంది.

గోముఖ్ నుంచి గంగోత్రికి 18 కిలోమీటర్ల కాలిబాట. నది పక్కనే దిగుతుంటే పచ్చబడిన భూర్జ చెట్ల ఆకులు, గుడారాలు విప్పి మూట కట్టుకుంటున్న టీ కొట్ల వాళ్లు కనిపిస్తారు. గంగోత్రిలో సెమ్వాల్ పూజారులు ఉత్సవమూర్తిని పల్లకీలో ఎక్కిస్తారు. ముందు సైన్యం బ్యాండు, డోళ్లు, వెనక జనం. పల్లకీ చేరాల్సిన ముఖ్బా ఊరికి కొద్ది దూరంలోని దేవి గుడిలో రాత్రి మజిలీ చేసి, మర్నాడు భగినీ హస్త భోజనం నాటికి ఊరు చేరుకుంటారు. దారిలో భైరోఘాటీ దగ్గర లోతైన కొండ చీలికలో జాడ్ గంగ వచ్చి కలుస్తుంది.

ముఖ్బాకు ఎదురుగా, నది అవతల ధరాలీ. 2025 ఆగస్టు 5న ఖీర్ గాడ్ వాగు బురదతో, బండలతో విరుచుకుపడి క్షణాల్లో ఆ ఊరి బజారును పూడ్చేసింది. ఆ భయంకర దృశ్యాన్ని ముఖ్బా వాళ్లు తమ వాకిళ్ల నుంచి చూశారు. వేసవి పోవద్దని కోరుకునే నాలాంటివాళ్లు గుర్తుంచుకోవాల్సిన విషయం ఇది. ఆ ప్రళయం వచ్చింది వేసవిలోనే.

ముఖ్బాలో పల్లకీ కోసం ఆడవాళ్లు పూలు, అక్షతలు పట్టుకుని ఎదురుచూస్తారు. ఈ ఊరు గంగకు పుట్టిల్లని వాళ్ల నమ్మకం. వసంతంలో ఆమెను సాగనంపుతూ కళ్లు తుడుచుకునేదీ వాళ్లే. గంగోత్రిలో వీడ్కోలు అనుకుని నేను దిగులుపడ్డ రోజు ఇక్కడ ఆడపడుచు ఇల్లు చేరే పండగ. ఆ సంబరం మధ్య నిలబడ్డాక ఇంకో వారం కావాలని అడగడానికి నాకు నోరు రాలేదు.

హర్సిల్ దాటితే వేసవి కాస్త తిరిగి దొరుకుతుంది. గంగ్‌నానీ వేడినీటి గుండాలు, ఆపైన ఉత్తరకాశీలో నడినెత్తి ఎండ. స్వెట్టర్ చేతిలోకి వస్తుంది. ఇలా నది వెంట వెచ్చదనాన్ని వెతుక్కుంటూ దిగడం హర్సిల్ పక్కనే ఉన్న బగోరీ వాళ్లకు బతుకుదెరువు. వాళ్లు జాడ్ తెగ వారు. 1962 యుద్ధంతో సరిహద్దులోని నేలాంగ్, జాదుంగ్ ఊళ్లు వదిలి రావాల్సి వచ్చింది. చలికాలానికి గొర్రెలతో, ఊలుతో ఉత్తరకాశీ దిగువన డుండాకు చేరుకుంటారు.

డుండాలో ఒక పెద్దావిడ వాకిట్లో ఊలు వడుకుతోంది. పైన మంచు పడిందా అని అడిగింది. పడిందన్నాను. "అయితే మావాళ్లు గొర్రెలతో దారిలో ఉంటారు బేటా" అని లేచి, కోడలిని కేకేసి, ఇద్దరూ మగ్గం మీద కొత్త పడుగు ఎక్కించే పనిలో పడ్డారు.